మెకంజీ కాగితాలు: సొంతదారు ఒకరు, రాసిన చేతులు అనేకం

వ్యాససంగ్రహం:

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన సైనికాధికారి కాలిన్ మెకంజీ 18వ శతాబ్ది చివరి నుంచి 1821 వరకు దక్షిణ భారతదేశంలో సేకరించిన కాగితాలు తెలుగువారి స్థానిక చరిత్రకు ప్రధానమైన ఆకరాలు. ఇవి ఆయన సొంత ఆస్తిగానే ఉండి, మరణానంతరం కంపెనీ ప్రభుత్వానికి అమ్ముడయ్యాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం ఆయన రాసినవి కావు. ఆయనకు రాని భాషల్లో ఉన్నాయి. 1817లో మెకంజీ రాసిన ఆత్మకథాత్మక లేఖను ఆధారంగా చేసుకొని ఈ కాగితాల్లో సొంతదారుకూ రచయితలకూ ఉన్న అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుంటూరు సీమ కైఫీయతుల్లో పదేపదే కనిపించే గోపరాజు రామన్న ప్రస్తావనను ఉదాహరణగా తీసుకొని, కైఫీయతును ఎలా చదవాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: కాలిన్ మెకంజీ, కావలి సోదరులు, కైఫీయతులు, దండకవిలెలు, కరణాలు, మిరాశీ, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట గ్రామచరిత్ర రాయదలచిన పరిశోధకుడు మొదట వెతికేది ఆ ఊరి కైఫీయతు. ఊరి పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాజు ఎవరికి ఏ భూమి ఇచ్చాడు అన్న ప్రశ్నలకు అందులో సమాధానం దొరుకుతుంది. విశ్వవిద్యాలయాల్లో వచ్చిన ఎన్నో సిద్ధాంత గ్రంథాలలో స్థానిక చరిత్ర అధ్యాయం ఈ సమాధానాల మీదే నిలబడింది. “మెకంజీ కైఫీయతు ప్రకారం” అన్న మాటతో వాక్యం మొదలైతే ఆ తరువాత చెప్పినది రుజువైనట్టే భావించడం పరిపాటి అయింది.

ఈ వాడుకలో ఒక చిక్కు ఉంది. “మెకంజీ కైఫీయతు” అన్నప్పుడు మెకంజీ పేరు దేన్ని సూచిస్తున్నది? ఆయన ఆ కాగితానికి సొంతదారు మాత్రమేనా, ప్రశ్నించినవాడా, రచయితా? గ్రంథసూచిలో రచయిత స్థానంలో ఆయన పేరు వేసిన క్షణంలోనే ఆ కాగితం రాసిన కరణం, రాయించిన గుమాస్తా ఇద్దరూ కనుమరుగవుతారు. వారి అవసరాలు, భయాలు, లెక్కలు కూడా వారితోపాటే తెర వెనక్కు పోతాయి. చివరకు మిగిలేది నిష్పక్షపాతంగా కనిపించే ఒక ఆంగ్లేయ అధికారి సాక్ష్యం. నిజానికి అలాంటి సాక్ష్యం ఆ కాగితాల్లో లేదు. ఈ విషయాన్ని అందరికంటే ముందు చెప్పినవాడు మెకంజీయే.

2. ఇంజనీరు, సేకర్త:

స్కాట్లండు వాయవ్యాన లూయిస్ ద్వీపంలోని స్టార్నోవే మెకంజీ జన్మస్థలం. 1754 ప్రాంతంలో పుట్టిన ఆయన కొంతకాలం అక్కడి సుంకాల శాఖలో పనిచేశాడు. గణితంలో ఆసక్తి ఉండేది. లాగరిథమ్‌లను కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం హిందువుల గణితాన్ని గురించిన సమాచారం వెతికే పని ఆయనకు భారతదేశానికి రాకముందే తగిలింది. 1783లో మద్రాసు చేరి, మొదట పదాతి దళంలో ఉండి, 1786లో ఇంజనీర్ల దళానికి మారాడు. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో దారులు సర్వే చేశాడు. మూడవ మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు. 1792 తరువాత నిజాం రాజ్యంలో సర్వేకు నియమితుడయ్యాడు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత మైసూరు సర్వే ఆయన చేతికి వచ్చింది. అది దాదాపు పదేళ్లు సాగింది. 1811 నుంచి 1813 వరకు జావాలో ఉండి, అక్కడే వివాహం చేసుకున్నాడు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు.

ఈ జీవితంలో చరిత్ర సేకరణ ఉద్యోగంలో భాగంగా మొదలైనది కాదు. కొలగొలుసు, దూరదర్శిని, పటం ఇంజనీరు పనిముట్లు. కంపెనీకి కావలసింది సైన్యం నడిచే దారులు, కోటల స్థితి, భూమి విస్తీర్ణం. సర్వే ఖర్చు తగ్గించమన్న ఒత్తిడి 1801లోనే వచ్చింది. శాసనాలు, తాళపత్రాలు, స్థానిక కథనాల సేకరణకు అయిన ఖర్చులో పెద్ద భాగాన్ని మెకంజీ తన జీతం నుంచి భరించాడు. ఆ కాగితాలు ఆయన సొంత ఆస్తి అయింది ఇందువల్లే. ఆయన పోయాక ప్రభుత్వం వాటిని ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రచురించిన వివరణాత్మక పట్టిక వల్ల తెలిసే సేకరణ పరిమాణం ఇది: 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక కథనాలు, 8,076 శాసన ప్రతులు, 2,159 అనువాదాలు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు.

ఒక వ్యక్తి కాగితాలుగా అమ్ముడైన ఈ రాశిలో ఆ వ్యక్తి ఎక్కడ ఉన్నాడన్నది తరువాతి ప్రశ్న.

3. 1817 నాటి లేఖ: ఒప్పుకోలు

మెకంజీ తన జీవితాన్ని గురించి తానే చెప్పుకొన్న రచనల్లో ముఖ్యమైనది 1817 ఫిబ్రవరి 1న మిత్రుడు సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖ. జాన్‌స్టన్ తల్లిదండ్రులు మదురైలో ఉన్న కాలంలో మెకంజీ వారి ఇంట గడిపాడు. నేపియర్ వంశానికి చెందిన జాన్‌స్టన్ తల్లి ద్వారానే అక్కడి పండితులతో ఆయనకు పరిచయం ఏర్పడింది. అందువల్ల ఆ లేఖలో అధికార నివేదికల బిగువు లేదు. వయసు మళ్లిన అధికారి తన జీవితంలో సాధించినదీ సాధించలేనిదీ మిత్రుడి ముందు లెక్క చూసుకొంటున్నాడు.

ఆ లెక్కలో మూడు విషయాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. మొదటిది, భారతదేశానికి వచ్చిన తరువాత పదమూడేళ్ల కాలం, అంటే 1796 వరకు, చరిత్ర పరిశోధన విషయంలో తనకు పెద్దగా ఫలించలేదని ఆయన అంటాడు. యుద్ధాలు, బదిలీలు, డబ్బు కొరత అందుకు కారణాలు. రెండవది, దేశభాషలు తనకు రాకపోవడాన్ని పెద్ద లోటుగా చెప్పుకొంటాడు. మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. నిజాం రాజ్యపు సర్వే రోజుల్లో కావలి వెంకట బొర్రయ్య తన వద్ద చేరిన తరువాతే ఈ దేశపు విద్యలోకి ప్రవేశం దొరికిందని, ద్వారం తెరిచింది ఆ యువకుడేనని ఒప్పుకొంటాడు.

ఆ తరువాత లేఖలో సాధించిన ఫలితాల జాబితా వస్తుంది. జైనం బౌద్ధం కంటే వేరైన మతమని తేల్చడం, మత శాఖల భేదాలు, రాతి మీద రాగి మీద ఉన్న శాసనాల స్వభావం, వీరగల్లులూ మాస్తికల్లులూ ఎందుకు నిలిపారన్నది, ప్రాచీన సమాధి దిబ్బలు అందులో ఉన్నాయి. ఈ జాబితాను చూసి మెకంజీని అన్వేషకుడిగా కీర్తించినవారు ఎక్కువ. కాని ఇందులోని ఒక్కొక్క అంశాన్నీ అచ్చయిన రచనలతో పోల్చి చూస్తే చిత్రం మారుతుంది. 1807లో ఏషియాటిక్ రిసర్చెస్ తొమ్మిదవ సంపుటిలో వెలువడిన జైనుల వృత్తాంతం శీర్షికలోనే అసలు సంగతి ఉంది. దాని ప్రకారం ఆ వృత్తాంతం ముదిగెరెలోని ఒక జైన పురోహితుడు చెప్పినది. దాన్ని మేజర్ మెకంజీ కోసం అనువదించినవాడు కావలి బొర్రయ్య. చెప్పినవాడు ఒకడు, తర్జుమా చేసినవాడు మరొకడు, సేకరించినవాడు వేరొకడు. లేఖలో ఈ మూడు పాత్రలూ “సాధించిన ఫలితం” అన్న ఒకే మాటలో కలిసిపోయాయి.

లేఖను రెండుసార్లు చదవవలసి రావడానికి కారణం ఇదే. ఒకచోట అది కృతజ్ఞత ప్రకటిస్తుంది, మరోచోట కృతజ్ఞతకు కారణమైన పనిని సొంత ఖాతాలో వేసుకొంటుంది. ఈ వైరుధ్యాన్ని మెకంజీ కపటంగా భావించనవసరం లేదు. గుమాస్తా పని యజమాని పనిగా లెక్కకు రావడం ఆనాటి ఉద్యోగ మర్యాద. అయితే ఆ మర్యాదను నేటి పరిశోధన పద్ధతిగా స్వీకరించనక్కర లేదు.

4. కావలి సోదరులు:

కావలి సోదరులు ఏలూరుకు చెందిన నియోగి కుటుంబంవారు. బొర్రయ్య 1776లో పుట్టి 1803లో, ఇరవై ఏడేళ్లకే మరణించాడు. మెకంజీ వద్ద ఆయన పనిచేసింది ఏడేళ్ల లోపు. సంస్కృతం, తెలుగు, కన్నడం, తమిళం, పారసీ, ఇంగ్లీషు భాషల మధ్య తిరగగలిగిన ఆ యువకుడు సేకరణకు ఒక పద్ధతి ఏర్పరచాడు. ఊరికి వెళ్లడం, శాసనానికి నకలు తీయడం, పెద్దల్ని అడగడం, కవిలెలకు ప్రతి రాయించడం, ఇంగ్లీషు సారాంశం తయారుచేయడం అన్న క్రమం ఆయన కాలంలోనే రూపుదిద్దుకొన్నది. ఆయన తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ బృందానికి పెద్ద అయ్యాడు. మరో సోదరుడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితచరిత్రలను ఇంగ్లీషులో ప్రచురించి, అందులో అన్న బొర్రయ్యకూ చోటు ఇచ్చాడు. వీరితోపాటు జైన పండితుడు ధర్మయ్య, మరాఠీ చదవగల నారాయణరావు, తమిళదేశంలో తిరిగిన నిట్టల నైన వంటివారు ఎందరో పనిచేశారు.

ఈ సహాయకులు మెకంజీకి పంపిన లేఖలు, నెలవారీ నివేదికలు కూడా ఆ కాగితాల్లోనే ఉన్నాయి. స్థానిక చరిత్ర పరిశోధకులు కైఫీయతుల్ని చదివినంతగా వీటిని చదవరు. కైఫీయతు ఎలా పుట్టిందో తెలిసేది మాత్రం వీటి వల్లే. ఊళ్లోకి వచ్చిన గుమాస్తాను చూసి జనం ఎందుకు జంకారు, పన్ను పెంచడానికే ఈ విచారణ అని అనుమానించి పెద్దలు నోరు విప్పడానికి ఎలా వెనుకాడారు, తాళపత్రాలను చూపించడానికి యజమానులు ఎంత బతిమాలించుకొన్నారు అన్న సంగతులు వాటిలో కనిపిస్తాయి. మెకంజీ కాగితాల్లో ఎవరి అంతరంగమైనా తెలిసే చోటు ఉందంటే అది ఇదే. దారి ఖర్చులు, జ్వరాలు, నిరాకరణలు, అధికారిని మెప్పించాలన్న ఆత్రం ఈ నివేదికల నిండా ఉన్నాయి.

1816లో థామస్ హికీ గీసిన మెకంజీ వర్ణచిత్రం ప్రసిద్ధం. ఎర్రని సైనిక దుస్తుల్లో ఉన్న అధికారి చుట్టూ ముగ్గురు భారతీయులు నిలుచున్నారు. ఒకరి చేతిలో దూరదర్శిని, మరొకరి చేతిలో తాళపత్ర గ్రంథం ఉన్నాయి. వెనుక దూరంగా గోమటేశ్వరుడు కనిపిస్తాడు. ఆ ముగ్గురూ ఎవరన్న విషయంలో పండితులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. గ్రంథసూచుల్లో జరిగింది కూడా ఇంతకు భిన్నం కాదు.

5. కైఫీయతు నిర్మాణం:

కైఫీయతు అరబ్బీ, పారసీ భాషల ద్వారా తెలుగులోకి వచ్చిన మాట. స్థితి, వివరం అని అర్థం. దస్త్రాల్లో ఒక విషయాన్ని గురించి పైవారికి రాసి పంపే వివరణకు ఈ పేరు ఉండేది. కనుక కైఫీయతు పుట్టుకతోనే జవాబు. దానికి ముందు ఒక ప్రశ్న ఉంది. మెకంజీ తన మనుషులకు ఏయే విషయాలు అడగాలో పట్టికలు రాసి ఇచ్చేవాడు. ఊరి పేరు, రాజవంశాలు, ఆలయాలు, దానాలు, పాలన మార్పులు అన్న వరస చాలా కైఫీయతుల్లో ఒకేలా ఉండడానికి కారణం గ్రామాల జ్ఞాపకాలు ఒకేలా ఉండడం కాదు, ప్రశ్నలు ఒకేలా ఉండడం.

రెండవ పొర కరణానిది. గ్రామంలో లెక్కలు, సరిహద్దులు, ఇనాములు, మిరాశీల వివరాలు తరతరాలుగా దండకవిలెల్లో నమోదయ్యేవి. వాటిని దాచి, వయసుమీరిన ఆకులకు మారుప్రతి రాసి కాపాడినవి కరణాల కుటుంబాలు. గుమాస్తా అడిగినప్పుడు కరణం ఈ కవిలెల నుంచి ఏరి చెప్పాడు. ఏరడంలోనే అతని విచక్షణ ఉంది. వేటిని చెప్పాలి, వేటిని దాచాలి, ఎవరి హక్కును ముందు నిలబెట్టాలి అన్నది అతని నిర్ణయం.

మూడవ పొర గుమాస్తాది. విన్నదాన్ని, చూసిన కవిలెను, గుడి ముందరి శాసనాన్ని కలిపి ఒక కథనంగా కూర్చినది అతడే. ఈ మూడు చేతుల గుర్తులూ వచనంలోనే తెలుస్తాయి. పురాణపు ఎత్తుగడతో మొదలైన కైఫీయతు కొంత దూరం వెళ్లేసరికి ఫసలీ లెక్కల్లోకి దిగుతుంది. “గనుక”, “యెడల”, “అయినందున” వంటి మాటలతో పేజీల పొడవునా సాగే వాక్యాలు, మిరాశీ, జమాబందీ, అమాని వంటి దస్త్రపు మాటలు, ఉచ్చారణను అనుసరించే వర్ణక్రమం కలిసి ఆనాటి కరణీకపు వచనాన్ని చూపుతాయి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. దానికి కనీసం మూడు దశాబ్దాల ముందే తెలుగు వచనం ఎంత విస్తారమైన వ్యవహారాన్ని మోసిందో కైఫీయతులు నిరూపిస్తాయి. అచ్చువేసేటప్పుడు వర్ణక్రమాన్ని “సరిదిద్దిన” చోట ఈ సాక్ష్యం చెడిపోతుంది. ఏ వాక్యం కవిలె నుంచి వచ్చిందో, ఏది గుమాస్తా కలిపాడో పోల్చుకొనే ఆధారం కూడా దానితోపాటే పోతుంది.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. మెకంజీ మనుషులు ముఖ్యంగా అడిగింది కరణాన్ని, అర్చకుణ్ణి, పాళెగారి వంశీకుణ్ణి. గ్రామంలో కాగితం ఎవరి చేతిలో ఉందో చరిత్ర కూడా వారి నోటినుంచే వచ్చింది. చెరువు తవ్విన ఒడ్డెవారి కథనం, ఊరి సరిహద్దు చూపే వెట్టివాని జ్ఞాపకం కైఫీయతులో కనిపించినా పక్కదారిలోనే కనిపిస్తాయి. “ఊరి చరిత్ర” అని పిలుస్తున్న దానిలో ఊరు ఎంత భాగం అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు.

6. గోపరాజు రామన్న ప్రస్తావన: ఒక పరీక్ష

పై ప్రతిపాదనను పరీక్షించడానికి గుంటూరు సీమ కైఫీయతులు అనువైనవి. వాటిలో అనేకం ఇంచుమించు ఒకే మాటలతో ఒక వృత్తాంతాన్ని చెబుతాయి. గణపతి మహారాజు పాలనలో ఆయన మహాప్రధాని గోపరాజు రామన్న, శాలివాహన శకం 1067 రక్తాక్షి సంవత్సర భాద్రపద బహుళ అమావాస్య నాడు, సూర్యగ్రహణ కాలంలో, ప్రభువు దగ్గర దానం పట్టి నియోగులకు గ్రామ కరణీకపు మిరాశీలు నిర్ణయించాడన్నది ఆ వృత్తాంతం. ఆ వెంటనే ఈ గ్రామానికి ఏ గోత్రం వారికి, ఏ ఇంటిపేరు వారికి మిరాశీ వచ్చిందో ఉంటుంది.

శకం 1067 అంటే క్రీ.శ. 1145 ప్రాంతం. కాకతీయ గణపతిదేవుడు పాలించింది 1199 నుంచి 1262 వరకు. అంటే చెప్పిన తేదీకీ చెప్పిన రాజుకూ మధ్య అర్ధ శతాబ్దానికి పైగా దూరం ఉంది. రాసేటప్పుడు అంకె తప్పిందని సరిపెట్టుకోవడం కూడా తేలిక కాదు. రక్తాక్షి సంవత్సరం 1144–45లో పడుతుంది. శక సంవత్సరం, ప్రభవాది సంవత్సరం ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి. రాజుతో మాత్రమే పొసగడం లేదు. పైగా అదే తేదీ అదే రూపంలో ఊరు తరువాత ఊరిలో కనిపిస్తున్నది. కనుక ఇది ఒక చేతి పొరపాటు కాదు. అందరూ కలిసి నిలబెట్టుకొన్న పాఠం.

ఈ పాఠాన్ని పరిశోధకులు సాధారణంగా రెండు విధాలుగా వాడుకొంటున్నారు. కొందరు దాన్ని 12వ శతాబ్దపు చరిత్రగా తీసుకొని కరణీకపు వ్యవస్థ పుట్టుకకు తేదీ వేస్తారు. మరికొందరు కాలవిరుద్ధం కనుక కట్టుకథ అని తోసిపుచ్చుతారు. రెండు పద్ధతులూ కైఫీయతును 12వ శతాబ్దాన్ని గురించిన సాక్ష్యంగానే చూస్తున్నాయి. అది 19వ శతాబ్ది తొలినాళ్లలో చెప్పి రాయించినదన్న సంగతి రెండిటిలోనూ మరుగున పడింది.

ఆ కాలంలో కరణానికి ఈ పాఠం ఎందుకు కావలసివచ్చింది? 1802 నాటి శాశ్వత పరిష్కారంతోపాటు వచ్చిన 29వ రెగ్యులేషన్ కరణం పదవిని, విధుల్ని కంపెనీ చట్టం కిందికి తెచ్చింది. వంశపారంపర్యమైన హక్కును ఇకపై సర్కారు ముందు మాటలతో, కాగితంతో నిలబెట్టుకోవలసిన పరిస్థితి వచ్చింది. ఇటువంటి సమయంలో సర్కారు తరపున వచ్చిన మనిషి ఊరి పూర్వోత్తరాలు అడిగినప్పుడు, మిరాశీకి మూలమైన దానాన్ని మొదట చెప్పడం సహజం. గ్రహణకాలం, అమావాస్య, ప్రభువు చేతిమీదుగా దానం అన్నవి దానశాసనాల పరిభాష. శాసనం లేని హక్కుకు శాసనరూపం కల్పించడం ఈ పాఠం చేసే పని.

దీన్ని కరణాల కుట్రగా చదవడం కూడా పొరపాటే. వృత్తాంతం కంపెనీ రాకతో పుట్టిందనడానికి ఆధారం లేదు. కవిలెల్లో తరతరాలుగా సాగివచ్చినందువల్లే అన్ని ఊళ్లలోనూ ఒకే రూపంలో ఉందనడం సబబు. కంపెనీ కాలం దానికి కొత్త వినియోగాన్ని ఇచ్చింది. సేకరించిన కావలి సోదరులూ నియోగులే కావడం గమనార్హం. వారు దాన్ని కల్పించారని అర్థం కాదు. దాన్ని ప్రశ్నించవలసిన వింత విషయంగా వారు చూసి ఉండకపోవచ్చునని మాత్రమే. ఈ విధంగా చదివినప్పుడు కైఫీయతు విలువ తగ్గదు. కాకతీయుల పాలనకు బలహీనమైన సాక్ష్యంగా ఉన్నది, కరణాల హక్కుల చరిత్రకు బలమైన సాక్ష్యంగా మారుతుంది.

7. అమరావతి పటాలు: ఇంజనీరు చేయి

మెకంజీ చేయి స్పష్టంగా కనిపించే కాగితాలు వేరే ఉన్నాయి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధానిగా నిర్మించుకొంటున్న రోజుల్లో అక్కడి దిబ్బ నుంచి చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. ఆ వార్త విని 18వ శతాబ్ది చివరలో మెకంజీ ఆ చోటుకు వెళ్లాడు. సర్వేయర్ జనరల్ హోదాలో మళ్లీ వచ్చి, తన బృందంతో స్తూపాన్ని కొలిపించి, పటాలు గీయించాడు. పలకలను ఒక్కొక్కటిగా చిత్రించిన ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

అమరావతి శిల్పం ఆ తరువాత సున్నపు బట్టీల పాలై, ముక్కలుగా మద్రాసుకూ లండన్‌కూ చేరింది. అందువల్ల ఏ పలక ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఆ పటాలే మిగిలిన ఆధారం. వాటిని గీసిన చిత్రకారులు వేరైనా కొలత, దిక్కు, స్థానం అన్న క్రమశిక్షణ ఇంజనీరుది. స్తూపం బౌద్ధమా జైనమా అన్న విషయంలో ఆ బృందానికి స్పష్టత లేకపోయినా పటం విలువకు లోటు రాలేదు. చూసినదాన్ని కొలిచి గీసినచోట మెకంజీ సాక్షి. విన్నదాన్ని రాయించినచోట ఆయన శ్రోత మాత్రమే, అదీ అనువాదం ద్వారా. ఈ రెండు రకాల కాగితాలకూ ఒకే ప్రామాణ్యం ఇవ్వడం సరికాదు.

8. 1821 తరువాత:

మెకంజీ తన సేకరణకు వివరణాత్మక పట్టిక తయారుచేయాలనుకొన్నాడు. మరణం వల్ల అది సాగలేదు. ఆ పని విల్సన్ చేశాడు. విల్సన్ సంస్కృత పండితుడు. దక్షిణాది భాషలు రావు. సహాయకులు తయారుచేసిన ఇంగ్లీషు సారాంశాల మీద ఆధారపడి 1828 నాటి పట్టికను కూర్చాడు. తరువాత కాగితాలు విడిపోయాయి. కొన్ని లండన్‌కు, కొన్ని కలకత్తాకు, దక్షిణాది భాషలవి మద్రాసుకు చేరాయి. ఒకే ఊరికి సంబంధించిన కైఫీయతు ఒకచోట, దాని ఇంగ్లీషు అనువాదం మరోచోట, ఆ ఊరి పటం వేరొకచోట ఉండడం ఇలా మొదలైంది.

వీటన్నిటినీ కలిపి చదవగలిగిన వ్యక్తి అప్పటికి ఒకరు ఉన్నారు. 1830లలో కావలి లక్ష్మయ్య ఆ పరిశోధనను తాను కొనసాగిస్తానని ప్రభుత్వాన్ని కోరాడు. విషయం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వెళ్లింది. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న ఆ సంస్థ 1836లో ఇచ్చిన అభిప్రాయం ప్రతికూలమైనది. లక్ష్మయ్యే కాదు, ఈ దేశస్థుడెవరూ అటువంటి పనికి సరితూగడని, సహాయకులుగా మాత్రం ఉపయోగపడతారని దాని సారాంశం. పని విలియం టైలర్‌కు దక్కింది. 1817లో బొర్రయ్యను ద్వారం తెరిచినవాడిగా మెకంజీ గుర్తించగా, 1836లో అతని తమ్ముడు ఆ ద్వారం బయటే నిలిచిపోయాడు.

తెలుగు భాగానికి తరువాత మేలు చేసినవాడు సి.పి. బ్రౌన్. శిథిలమవుతున్న కాగితాలకు ప్రతులు రాయించి, స్థానిక చరిత్రల సంపుటాలుగా బైండు చేయించాడు. ఈనాడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో పరిశోధకులు చూస్తున్నవి చాలావరకు ఆ ప్రతులే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా ప్రచురించింది. ఇది గొప్ప మేలు. అయితే ప్రతి రాసిన లేఖకుడిది నాలుగవ చేయి, అచ్చువేసిన సంపాదకుడిది ఐదవ చేయి అన్న సంగతి పాఠకుడు గుర్తుంచుకోవాలి.

9. విమర్శకుల అభిప్రాయాలు: సమీక్ష

ఈ కాగితాల మీద ఆధునిక చర్చను ముందుకు తెచ్చినవారిలో నికొలస్ డర్క్స్ ప్రముఖుడు. 1993 నాటి వ్యాసంలోను, తరువాతి గ్రంథంలోను ఆయన ఈ సేకరణను వలస రాజ్యపు జ్ఞానభాండారంగా చూసి, స్థానిక సహాయకుల గొంతు క్రమంగా ఎలా అణగిపోయిందో చూపాడు. 1836 నాటి నిరాకరణ ఈ వాదానికి బలమిస్తుంది. అయితే గొంతు అణగిన తీరు మీద పెట్టిన దృష్టి, ఆ గొంతు ఏమి పలికిందన్న దాని మీద అంతగా లేదు.

ఫిలిప్ వాగనర్ 2003లో ఈ లోటును పూరించాడు. కావలి సోదరులకు ఆర్కాటు నవాబు పాలనా వ్యవస్థ ద్వారా వచ్చిన నియోగి దస్త్రపు నేర్పు ఉందని, శాసన పరిశోధన పద్ధతి రూపొందడంలో వారిది సమాన భాగస్వామ్యమని ఆయన వాదించాడు. ఇది న్యాయమైన దిద్దుబాటు. కాని భాగస్వామ్యం అన్న మాట జీతం, హోదా, పేరు విషయంలో ఉన్న అసమానతను కొంత మెత్తబరుస్తుంది. రమాసుందరి మంతెన 2012 నాటి గ్రంథంలో ఈ రెండు కోణాలనూ దగ్గరికి చేర్చి, స్థానిక కథనాలు చరిత్రకు ముడిసరుకుగా మారిన క్రమాన్ని వివరించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో కరణాల వచనంలోనే చరిత్ర స్పృహ ఉందని, దాన్ని ముడిసరుకుగా చూడనక్కర లేదని ప్రతిపాదించారు.

ఈ చర్చ చాలావరకు ఇంగ్లీషులో సాగింది. సంస్థల చరిత్ర మీద, మేధావుల చరిత్ర మీద నిలిచింది. కైఫీయతుల తెలుగు పాఠాన్ని వాక్యం వెంట వాక్యం పరీక్షించే పని తెలుగులో జరగవలసి ఉంది. ఊరికీ ఊరికీ మధ్య ఒకే వృత్తాంతం ఎక్కడ మారింది, ఏ ఇంటిపేరు దగ్గర మారింది, కవిలె భాష ఎక్కడ ఆగి గుమాస్తా భాష ఎక్కడ మొదలైంది అన్నవి తెలుగు దస్త్రపు భాష తెలిసినవారు మాత్రమే తేల్చగల విషయాలు.

10. ముగింపు:

మెకంజీ కాగితాలు ఆయన సొంతమైనది డబ్బు పెట్టినందువల్ల, పూనిక చూపినందువల్ల, భద్రపరచినందువల్ల. ఆ ఘనత తక్కువది కాదు. ఆయన లేకపోతే వేలాది కవిలెల సారం చెదపురుగుల పాలయ్యేది. అయితే రచయిత స్థానం వేరు. ఆ స్థానం తనది కాదని 1817 లేఖలో ఆయనే సగం చెప్పాడు. మిగతా సగాన్ని పూర్తిచేయవలసింది పరిశోధకులు.

ఇందుకు చేయవలసిన పనులు కష్టమైనవేమీ కావు. కైఫీయతును ఉదాహరించేటప్పుడు చెప్పిన కరణం పేరు, రాయించిన గుమాస్తా పేరు, రాసిన తేదీ కాగితంలో ఉంటే వాటిని తప్పక ఇవ్వాలి. మూల ప్రతి ఏది, బ్రౌన్ ప్రతి ఏది, అచ్చు ప్రతి ఏది అన్నది వేరుచేయాలి. పొరుగూళ్ల కైఫీయతులతో పోల్చకుండా ఒక్క కైఫీయతు మీద ఏ నిర్ధారణా చేయరాదు. ప్రాచీన రాజులను గురించిన మాటను శాసనంతో సరిచూడాలి. సరిపోనప్పుడు దాన్ని పారవేయకుండా, ఆ మాట ఎవరికి ఎందుకు అవసరమైందో అడగాలి. కైఫీయతుతోపాటు దాన్ని సేకరించిన మనిషి పంపిన నివేదికను కూడా చదవాలి.

ఇలా చదివితే గ్రామచరిత్రల్లో చాలా నిర్ధారణలు సడలుతాయి. కొన్ని ఊళ్లకు కాకతీయుల కాలం నుంచి చెప్పుకొంటున్న చరిత్ర పంతొమ్మిదవ శతాబ్దికి జరుగుతుంది. దానికి బదులుగా, సర్కారు మనిషి ఎదుట కవిలె విప్పి, తన ఊరిని గురించి ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తూచుకొన్న ఒక తెలుగు కరణం, ఆ మాటల్ని రాసుకొన్న ఒక తెలుగు గుమాస్తా స్పష్టంగా కనిపిస్తారు.